ఉరుకుడు మీద మన అపోహలు
(సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

కార్యదర్శి గారు మమ్ములను పది నిమిషములు మాట్లాడమన్నారు. పరుగెత్తేవాళ్లు టైము పాటిస్తారని వారి నమ్మకము. అది కూడా ఒక అపోహయే. ఇంకొక పదిహేను నిమిషములు ఎక్కువైనా సహించవలెనని మనవి.

పరుగు అని పుస్తకములలో వ్రాస్తాము గాని మన జహీరాబాదులో ఉరుకుడు అంటాము. ఎవరైనా తెల్లవారుఝామున రోడ్డు మీద ఉరుకుతుంటే "ఏమైంది భాయ్, ఎవరికేమైంది?" అని అడిగే ఊరు మనది. ఏదో ఆపద వస్తే తప్ప పెద్దమనిషి ఉరకడని లెక్క. అటువంటి ఊరిలో 2021 చలికాలములో ఫజరు నమాజు తరువాత ఆరుగురము కలిసి ఉరకడము మొదలుపెట్టినాము. ఒక టైలరు, ఇద్దరు ఉపాధ్యాయులు, ఒక కిరాణా దుకాణదారు, ఒక ఆటో డ్రైవరు, ఉద్యోగము నుండి రిటైరైన ఒక పెద్దాయన. మా బృందమునకు పేరు లేదు, బోర్డు లేదు, చందా లేదు. హైవే మీద లారీలు, సీజనులో చెరకు బండ్లు ఉంటాయి గనుక అటు పోకుండా పస్తాపూర్ దిక్కు మట్టి దారి పట్టేవాళ్లము. రెండేండ్లలో ఆరుగురము నలభై మందిమైనాము. తరువాత ఒక్క ఉదయముతో తొమ్మండుగురము మిగిలినాము.

ఆ ఉదయము సంగతి మీలో చాలామందికి తెలుసు. అయినా మా నోటితో చెప్పవలసియున్నది. యాభై దాటిన మా సోదరుడొకరు ఉరుకుతూ ఉరుకుతూ దారి పక్కన కూర్చున్నారు, తరువాత ఒరిగిపోయినారు. అక్కడ పద్నాలుగు మందిమి ఉన్నాము. ఒకరు ముఖము మీద నీళ్లు చల్లినారు. ఒకరు బూట్లు విప్పి అరికాళ్లు రుద్దినారు. ఒకరు కలిమా చదివినారు. ఆటో వచ్చేదాకా చుట్టూ నిలబడినాము. ఆసుపత్రికి చేరేసరికి అంతా అయిపోయినది. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్.

ఊరు ఒక మాట అన్నది: "ఉరికి ఉరికి పాణం తీసుకున్నడు." ఈ మాట హోటలులో, దుకాణములో, దావతులలో ఆరు నెలలు తిరిగినది. ఇండ్లలో భార్యలు, తల్లులు మా మిత్రుల బూట్లు దాచిపెట్టినారు. మేము దానికి జవాబుగా "పరుగుకు, ఆయన మరణానికి ఏ సంబంధమూ లేదు, పరుగు గుండెకు మంచిది" అని వాదించినాము. అది పూర్తి నిజము కాదని మాలో కొందరికి అప్పటికే తెలుసు. ఎందుకనగా ఆ సోదరుడు నాలుగు రోజుల ముందు మాలో ఒకరితో "ఛాతీలో పట్టినట్టున్నది, ఎడమ భుజము లాగుతున్నది" అని చెప్పియున్నారు. మావాడు ఏమన్నాడంటే "గ్యాస్ అయి ఉంటది భాయ్, రెండు కిలోమీటర్లు ఉరికితే అదే పోతది." ఊరికి ఒక అపోహ ఉన్నది, మాకు ఇంకొకటి ఉన్నది. రెండింటిలో ఏది ఎక్కువ ప్రమాదమో ఈ సభలో పెద్దలకు చెప్పనవసరము లేదు.

ఆ తరువాత ఒక డాక్టరు గారిని పిలిపించి ఉపన్యాసము పెట్టించినాము. చక్కగా చెప్పినారు. అందరూ తలలు ఊపినారు, బిర్యానీ తిన్నారు. మరునాడు ఉదయము ఒక్కరూ కొత్తగా రాలేదు. అప్పుడు మా ఉపాధ్యాయ మిత్రులొకరు ఒక ఉపాయము చేసినారు. ఇంటి నుండి పిల్లల పలక ఒకటి తెచ్చి, మేము చాయ్ త్రాగే హోటలులో గోడకు ఆనించి, దాని మీద "ఉరికితే మోకాళ్లు పోతయి — అవునా, కాదా?" అని తెలుగులోను, కింద ఉర్దూలోను వ్రాసినారు. ఇంకేమీ చెప్పలేదు. చాయ్ త్రాగడానికి వచ్చినవాడల్లా ఆ పలకను చూసి ఒక మాట అనకుండా పోలేదు. ఆ ఆదివారము గంటన్నర వాదన నడిచినది. హోటలు యజమాని సంతోషించినాడు. మాకన్నా అతడికే లాభము ఎక్కువ.

అప్పటినుండి ప్రతి ఆదివారము పలక మీద ఒక మాట. చర్చకు ఒక పద్ధతి పెట్టుకొన్నాము. మొదటి అరగంట జవాబు తెలిసినవాడు మాట్లాడరాదు. ఆ మాట నీకెవరు చెప్పినారు, నీ ఇంట్లో ఏమి చూసినావు అన్నదే చెప్పవలెను. తరువాతనే మా ఉపాధ్యాయులు చదివి తెచ్చిన సంగతులు వినిపిస్తారు. "నీవు చెప్పేది తప్పు" అని మొదటనే అంటే ఎదుటివాడు తన మాటను గట్టిగా పట్టుకొంటాడు, చర్చ అక్కడే ఆగిపోతుంది. "నీకెట్ల తెలిసింది చాచా?" అంటే కథ చెప్తాడు. ఆ కథలో అసలు భయము బయటపడుతుంది.

మోకాళ్ల సంగతే చూడండి. ఒక చాచా అరవై దాటినవారు, మసీదులో కుర్చీ మీద నమాజు చేస్తారు. ఆయన అన్నారు, "నాకు ఉరికేది లేదు, గిరికేది లేదు. ఉన్న మోకాళ్లు ఉండనీ. ఇప్పటికే సజ్దా పోయింది, రేపు నడక గూడ పోతే?" హోటలంతా నిశ్శబ్దమైనది. మేము ఇన్ని రోజులు పరుగు మోకాళ్లకు మంచిదని లెక్కలు చెప్పుకొంటూ తిరిగినాము గాని, మన వయసువారికి మోకాలి నొప్పి అంటే నుదురు నేలకు ఆనించలేకపోవడమని మాకు తట్టలేదు.

ఇక తెలిసిన సంగతులు చెప్తాము. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 1984 నుండి యాభై దాటిన దూరపు పరుగువారిని, పరుగెత్తనివారిని కొందరిని సుమారు రెండు దశాబ్దములు చూసి మోకాళ్లకు ఎక్సరేలు తీసినారు. పరుగువారి మోకాళ్లు రెండవవారి మోకాళ్లకన్నా ఎక్కువ అరగలేదు. 2017లో పాత పరిశీలనలన్నీ కలిపి లెక్కగట్టిన మరొకరి పనిలో, ఆరోగ్యము కోసము మామూలుగా పరుగెత్తేవారిలో నూటికి 3.5 మందికి మోకాలి లేక తుంటి కీళ్ల అరుగుదల కనబడినది. ఏమీ పరుగెత్తనివారిలో 10.2, పోటీల కోసము తీవ్రముగా పరుగెత్తేవారిలో 13.3. చూసినారా, ఊరి మాటలో కొంత నిజము కూడ ఉన్నది. అతిగా ఉరికితే మోకాలికి చేటే. మితముగా ఉరికితే కాదు.

"గుజ్జు అరిగిపోతది" అని మనవాళ్లు అంటారు గదా. ఆ గుజ్జుకు రక్తనాళములు లేవు. కీలులో ఉన్న జిగురు నీటినుండే దానికి పోషణ అందవలెను. అడుగు వేసినప్పుడు గుజ్జు నొక్కుకొని, ఎత్తినప్పుడు విచ్చుకొని ఆ నీటిని పీల్చుకొంటుంది. అందువలన కదలికయే దాని తిండి. ఇక బరువు సంగతి. మోకాళ్లు అరిగిన లావుపాటి వృద్ధుల మీద అమెరికాలో చేసి 2005లో ప్రకటించిన పరిశీలనలో, ఒక కిలో బరువు తగ్గితే నడిచే ప్రతి అడుగులో మోకాలి మీద సుమారు నాలుగు కిలోల భారము తగ్గుతుందని తేలినది. ఇది విన్న మా దుకాణదారు మిత్రుడు తన పొట్ట నిమురుకొని "అంటే నేను నలభై కిలోల బియ్యం బస్తా మోకాళ్ల మీద మోస్తున్నట్టేనా?" అన్నాడు. లెక్క సరిగ్గానే చేసినాడు.

అయితే చాచాను ఉరకమని మేము చెప్పలేదు. అరిగిన మోకాలికి, అరగని మోకాలికి ఒకే మందు కాదు. ఎముకల డాక్టరుకు చూపించినాము. నడక, కుర్చీలో కూర్చొని కాలు చాచి తొడ కండరము బిగించే వ్యాయామము, బరువు తగ్గడము చెప్పినారు. ఎనిమిది నెలలకు ఆయన ఫజరు రెండు రకాతులు నేల మీద చేస్తున్నారు. మిగిలినవి ఇప్పటికీ కుర్చీ మీదనే. అంతకన్నా ఎక్కువ చెప్తే అది మరొక అపోహ అవుతుంది.

మా మోకాళ్లు ఎందుకు నొచ్చినాయో కూడ ఆ చర్చలోనే తెలిసినది. మొదటి నెలలోనే పది కిలోమీటర్లకు పోయినాము. యూట్యూబులో ఎవరో ఇరవై ఏండ్ల కుర్రవాడు ఉరికినట్టు ఉరకబోయినాము. తప్పు మోకాలిది కాదు.

నీళ్ల సంగతి తొందరగా చెప్తాము. "ఉరికేటప్పుడు నీళ్లు తాగితే పక్క పోటు వస్తది, తాగొద్దు" అని మా చిన్నప్పుడు డ్రిల్లు మాస్టర్లు చెప్పేవారు. ఇప్పటి పిల్లలేమో సీసాలు సీసాలు త్రాగమంటారు. రెండూ పాత పొరపాట్లే. 1904లో సెయింట్ లూయీ ఒలింపిక్ మారథాన్‌ను మండే ఎండలో దుమ్ము రోడ్ల మీద పెట్టి, నీళ్లు దాదాపు ఇవ్వకుండా నడిపించినారు. 32 మంది బయలుదేరితే 14 మంది చేరినారు. గెలిచిన హిక్స్ గారికి దారిలో సహాయకులు నీళ్లకు బదులు కొద్దిగా స్ట్రిక్నిన్ అనే విషము, గుడ్డు తెల్లసొన, బ్రాందీ పట్టించినారట! నీళ్లు అడిగినవాడికి ఇదీ మర్యాద. దీనికి ఎదురుగా 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తము పరీక్షిస్తే నూటికి 13 మందికి ఒంట్లో ఉప్పు ఉండవలసినదానికన్నా తగ్గియున్నది. ముఖ్య కారణము పరుగు పొడుగునా అతిగా త్రాగడము. మన ఎండలలో దాహమైనప్పుడు త్రాగవలెను, చెమట ఎక్కువైతే ఉప్పు, నిమ్మకాయ వేసుకోవలెను, పందెము వేసుకొని త్రాగరాదు. కూర్చొని, మూడు గుక్కలుగా త్రాగమని మన ఇండ్లలో పెద్దలు నేర్పిన మర్యాద పరుగువాడికి కూడ బాగానే పనికివస్తున్నది.

బూట్ల మీద చర్చ పెడితే మా ఆటో డ్రైవరు మిత్రుడు, "అయిదువేల బూట్లు లేకుంటే ఉరకొద్దంటరు, అందుకే నా తమ్ముడు రాలె" అన్నాడు. ఇథియోపియాకు చెందిన అబేబే బికిలా 1960లో రోము ఒలింపిక్ మారథాన్‌ను ఉత్త పాదములతో 2 గంటల 15 నిమిషముల 16 సెకండ్లలో గెలిచినాడని చెప్పినాము. వెంటనే ఒకరు "అయితే బూట్లే వద్దు" అన్నారు. ఆగండి. అదే బికిలా 1964లో టోక్యోలో బూట్లు వేసుకొని మూడు నిమిషములు ఇంకా తొందరగా పరుగెత్తినాడు. కాలికి సరిపోయి, వ్రేళ్ల ముందర కొంచెము జాగా ఉండి, అరుగు పోకుండా ఉన్న బూటు చాలును. ధరను చూసి మోకాలు మెచ్చుకోదు. సంఘ నిధినుండి నలుగురు కుర్రవాళ్లకు బూట్లు కొన్నప్పుడు, అది జకాతులో పెట్టవచ్చునా లేక సదఖాలోనా అని పెద్ద వాదన లేచినది. ఆ వాదనను మౌల్వీ సాబుకు వదిలిపెట్టినాము, ఇంకా నడుస్తున్నట్టున్నది.

ఇప్పుడు పరదాకు అవతల ఉన్నవారి సంగతి. ఇది కొంచెము ఎక్కువసేపు చెప్పవలసియున్నది.

ఒక ఆదివారము పలక మీద "ఆడపిల్లలు ఉరికితే గర్భసంచి దెబ్బ తింటది, పిల్లలు పుట్టరు" అని వ్రాసినాము. ఆ రోజు హోటలులో కాదు, సంఘ భవనములో కూర్చున్నాము, స్త్రీలు వేరుగా కూర్చుండే ఏర్పాటు చేసినాము. వారు మాట్లాడటానికి వెనుకాడితే చిట్టీలు వ్రాసి పంపమన్నాము. మగవాళ్లు ముప్పావు గంట మాట్లాడినారు. ఒక తండ్రి తన బిడ్డ ఇంటరు చదువుతున్నదని, పోలీసు ఉద్యోగము కావాలని ఏడుస్తున్నదని, "రేపు పెళ్లి చేయాలె, సంబంధం వచ్చినోళ్లు అడిగితే ఏం చెప్పాలె?" అని తన బాధ చెప్పినారు.

ఈ గర్భసంచి భయము మన ఊరిలో పుట్టినది కాదు, తెల్లవాళ్ల దేశములలోనూ ఉన్నదే. 1928 ఆంస్టర్‌డాం ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవారికి 800 మీటర్ల పరుగు పెట్టినారు. ఫైనలులో తొమ్మండుగురు పరుగెత్తినారు, తొమ్మండుగురూ పూర్తి చేసినారు. పత్రికలేమో సగము మంది కుప్పకూలినారని వ్రాసినవి. ఆ వ్రాతలతో ఆ పందెమును తీసివేసి మళ్లీ 1960లో గాని పెట్టలేదు. పరుగు ముగిసినాక ఒక మగవాడు నేల మీద పడి రొప్పితే వీరుడు, ఆడది పడితే బలహీనురాలు. మారథాన్ అయితే 1984 దాకా ఒలింపిక్స్‌లో ఆడవారికి లేనే లేదు. గర్భసంచి పొత్తికడుపు ఎముకల మధ్య కండరములతో, బంధనములతో భద్రముగా ఉంటుంది, పరుగుకు జారిపడేది కాదు. తిండి చాలక, ఒళ్లు బాగా తగ్గిపోయి, అతిగా పరుగెత్తే పిల్లలకు నెలసరి ఆగవచ్చును. అది తిండి పెట్టవలసిన జబ్బు. ఆ పిల్లను డాక్టరుకు చూపవలెను.

అదే 1984లో లాస్ ఏంజెలీస్‌లో మన దేశమంతా రేడియోకు, టీవీకి అంటుకొని విన్న పరుగొకటి ఉన్నది. 400 మీటర్ల హర్డిల్స్‌లో పి.టి. ఉష సెకండులో నూరవ వంతు తేడాతో కాంస్య పతకము పోగొట్టుకొన్నారు. ఆ కథ మనందరికీ కంఠస్థము. ఆ పందెములో బంగారు పతకము ఎవరికి వచ్చినదని అడిగితే ఆ రోజు భవనములో ఒక్కరూ చెప్పలేకపోయినారు. మొరాకో దేశపు ముస్లిం యువతి నవాల్ అల్ ముతవక్కిల్. ఒలింపిక్ బంగారు పతకము గెలిచిన మొదటి ముస్లిం మహిళల కోవలోనిది. ఉష ఓటమిని నలభై ఏండ్లు గుర్తుపెట్టుకొన్నాము గాని, ఎదుట గీత దాటిన పిల్లను చూడనే లేదు. బట్టల సంగతి అడిగినవారికి బహ్రెయిన్‌కు చెందిన రుఖయ్య అల్ ఘస్రా పేరు చెప్పినాము. 2006 దోహా ఆసియా క్రీడలలో తల మీద హిజాబుతో, నిండు బట్టలతో 200 మీటర్ల బంగారు పతకము గెలిచినది.

అంత దూరము ఎందుకు? నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ బాక్సింగు గ్లోవ్స్ తొడగక ముందు పరుగు పందెములలో ఉన్నదే. తండ్రి స్వయముగా మైదానమునకు తీసుకొనిపోయినాడు. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియను అయినది, 2024లో మన రాష్ట్ర పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగము పొందినది.

దీన్ సంగతి తెలిసిన పెద్దలొకరు లేచి, ప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) వారు ప్రయాణములో హజ్రత్ ఆయిషా (రజి.) వారితో పరుగు పందెము వేసిన హదీసును గుర్తుచేసినారు. ఇది అబూ దావూద్ సంకలనములో ఉన్నది. మొదటిసారి ఆమె గెలిచినారు. కొంతకాలమునకు, ఆమె ఒళ్లు చేసిన తరువాత, వారు గెలిచి, అప్పటి దానికి ఇది చెల్లు అన్నట్టుగా మాట్లాడినారు. భార్యాభర్తల చనువు, నవ్వు కనిపించే ఆ సంగతి చెప్తుంటే ఆ పెద్దాయన కూడ నవ్వినారు. కొందరు మగవాళ్లు తలలు వంచుకొన్నారు.

ఇంతవరకు మేము గెలిచినామనుకొన్నాము. అప్పుడు చిట్టీలు విప్పినాము. మొత్తము పదిహేడు. గర్భసంచి గురించి అడిగినది ఒకే ఒక్క చిట్టీ. మిగిలినవాటిలో ఎక్కువ భాగము ఒకే ప్రశ్న, వేరువేరు చేతివ్రాతలలో: "ఎక్కడ ఉరకాలె?" ఒకరు వ్రాసినారు, "మీ మట్టి దారిలో మీరే నలభై మంది ఉంటరు. మేము వస్తే మీరు చూస్తరు." మరొకరు, "కుక్కలు", అని ఒకే మాట. ఇంకొకరు, "పొద్దున ఆరు గంటలకు ఉరికి ఇంటికొస్తే టిఫిను, డబ్బాలు ఎవరు చేస్తరు?" ముప్పావు గంట మేము కొట్లాడిన అపోహ వాళ్లకు అడ్డమే కాదు. వాళ్లకు కావలసినది గోడ ఉన్న ఒక మైదానము, గంటసేపు, ఇంట్లో ఒక చేయి సాయము.

2022 పోలీసు నియామకముల ప్రకటన ప్రకారము ఆడవారు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలో, మగవారు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలో పూర్తిచేయవలెను. ఆడపిల్లకు అది కష్టమైన లక్ష్యము కాదు, నాలుగు నెలలు అభ్యాసము చేయడానికి చోటు ఉంటే. ఈ వేదిక మీద విద్యాసంస్థలు నడిపే పెద్దలున్నారు. మీ ఆవరణలో సాయంత్రము అస్ర్ నుండి మగ్రిబ్ దాకా ఒక గేటు తాళము ఇప్పించండి. మా అడుగుడు ఇంతే. ఇప్పటికి ఒకరు ఇచ్చినారు. పదకొండు మంది పిల్లలు, వారితో ముగ్గురు తల్లులు పోతున్నారు. ఆ ఇంటరు పిల్ల వస్తున్నది. తండ్రి గేటు బయట స్కూటరు మీద కూర్చొని ఉంటాడు.

రంజాను పరుగు గురించి ఒక్క మాట. "రోజాలో ఉరికితే కిడ్నీలు పోతయి" అని ఒక వర్గము, "రోజాలో కూడ పది కిలోమీటర్లు తగ్గను" అని మాలో కొందరు మొండివాళ్లు. 2012 లండన్ ఒలింపిక్స్ రంజాను మాసములోనే వచ్చినవి. ముస్లిం క్రీడాకారులలో కొందరు రోజాలు తరువాతకు వాయిదా వేసుకొన్నారు, కొందరు ఉన్నారు. మనకేమీ పతకములు రావలసినవి లేవు గనుక ఇఫ్తారుకు అరగంట ముందు మెల్లగా, లేదా తరావీహ్ తరువాత కొంచెము, చాలును. సుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు మాత్రము డాక్టరును అడగకుండా రోజాలో ఉరకరాదు. సుగర్ పడిపోతే కళ్లు తిరిగి పడతారు, పక్కవాడు రోజా నీరసమనుకొంటాడు.

చివరకు, మేము పలక మీద వ్రాయడానికి భయపడిన మాట. గుండె సంగతి.

మారథాన్ అనే పేరే ఒక చావు కథ మీద నిలబడి ఉన్నది. క్రీ.పూ. 490లో గ్రీకు సైనికుడు మారథాన్ నుండి ఏథెన్సుకు ఉరికి, గెలుపు వార్త చెప్పి ప్రాణము వదిలినాడని పాఠములలో చదివినాము. ఆ యుద్ధమునకు దగ్గరి కాలములో వ్రాసిన హెరొడోటస్ చరిత్రలో ఈ చావు లేదు. ఆయన చెప్పిన పరుగువాడు సహాయము అడగడానికి స్పార్టాకు పోయినాడు. చావు కథ వందల ఏండ్ల తరువాత వచ్చి చేరినది.

దీనికి ఎదురైన అపోహను డాక్టర్లే పుట్టించినారు. 1970లలో అమెరికాలో బాస్లర్ అనే డాక్టరు, పొగ త్రాగకుండా మారథాన్ పూర్తి చేసినవాడికి గుండె నాళముల జబ్బు రాదని ప్రచారము చేసినాడు. మా మిత్రుడు "రెండు కిలోమీటర్లు ఉరికితే పోతది" అన్న మాటకు తాత ఇది. 1977లో జిమ్ ఫిక్స్ అనే ఆయన పరుగు మీద వ్రాసిన పుస్తకము అమెరికాలో లక్షలలో అమ్ముడుపోయినది. 1984 జులైలో ఆయన పరుగెత్తుతూ గుండెపోటుతో పోయినాడు. వయసు 52. ఊరూరా "చూసినారా!" అన్నారు. పోస్టుమార్టములో గుండె నాళములు బాగా మూసుకుపోయి ఉన్నవి. ఆయన తండ్రి 43 ఏండ్లకే గుండెజబ్బుతో పోయినాడు, తాను పరుగు మొదలుపెట్టక ముందు లావుగా ఉండి సిగరెట్లు త్రాగేవాడు. పరుగు ఆయనకు కొన్ని ఏండ్లు కలిపినదో లేదో ఎవరూ తేల్చలేరు. మూసుకొనిపోయిన నాళమును తెరవలేదు, అది ఖాయము.

అంకెలు కూడ చెప్తాము. అమెరికాలో 2000 నుండి 2010 వరకు మారథాన్, హాఫ్ మారథాన్‌లలో పాల్గొన్న 1 కోటి 9 లక్షల మందిలో 59 మందికి పరుగులోనో, ముగిసిన వెంటనేనో గుండె ఆగినది. 42 మంది పోయినారు, 17 మంది బ్రతికినారు. బ్రతికినవారిలో చాలామందికి పక్కనున్నవారు వెంటనే ఛాతీ నొక్కినారు.

ఈ వాక్యము చదివిన రోజు మా ఉపాధ్యాయ మిత్రుడు ముందుకు చదవలేకపోయినాడు. మేము పద్నాలుగు మందిమి ఉన్నాము గదా ఆ రోజు.

ఆ తరువాత డాక్టరు గారిని మళ్లీ పిలిచినాము. ఈసారి ఉపన్యాసము వద్దన్నాము, నేర్పమన్నాము. మనిషి పడిపోయి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగా ఆడకుంటే ఒకరు 108కు ఫోను చేయవలెను, ఇంకొకరు ఛాతీ నడిమి ఎముక మీద రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి పెట్టి రెండు అంగుళముల లోతుకు, నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కవలెను. అలసిపోతే పక్కవాడు అందుకోవలెను, ఆపరాదు. నీళ్లు చల్లడము, అరికాళ్లు రుద్దడము తరువాత సంగతి. మాలో ఇరవై ఆరు మంది నేర్చుకొన్నారు, అందులో తొమ్మండుగురు స్త్రీలు. నలభై దాటినవారందరికీ బీపీ, సుగర్, ఈసీజీ చేయించినాము. ఒక పెద్దాయన "మౌత్ రాసిపెట్టి ఉంటే ఈసీజీ ఏం చేస్తది?" అన్నారు. ఒంటెను కట్టి తరువాత అల్లాహ్ మీద భారము వేయమన్న హదీసును ఆయన మనుమడే గుర్తుచేసినాడు. ఈసీజీ బాగున్నంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు, ఇది కూడ చెప్పుకొన్నాము. ఉరుకుతుంటే ఛాతీ పట్టినా, దవడకు, భుజమునకు నొప్పి పాకినా, మామూలుకన్నా ఆయాసము వచ్చినా ఆగవలెను, పక్కవాడికి చెప్పవలెను. ఆ మాట విన్నవాడు "గ్యాసు" అనరాదు. మా బృందమునకు నియమము ఏదైనా ఉంటే అది ఇదొక్కటే. ఇద్దరికి నాళములు మూసుకొన్నట్టు తేలి హైదరాబాదులో స్టెంట్లు పడినవి. వారిద్దరూ ఇప్పుడు ఉరకరు, నడుస్తారు, ఆదివారము చర్చలో అందరికన్నా ఎక్కువ మాట్లాడుతారు.

ఇప్పుడు మళ్లీ ముప్పై ఒక్కరమైనాము.

పోయిన నెలలో ఆ సోదరుని చిన్న కుమారుడు హోటలుకు వచ్చినాడు. డిగ్రీ చదువుతున్నాడు. ఎవరితోనూ మాట్లాడలేదు. పలక దగ్గరికి పోయి, మేము వ్రాసియుంచినదానిని తుడిచి, తన చేతితో "మా అబ్బా పాణం ఉరుకుడు తీసింది — అవునా, కాదా?" అని వ్రాసి పోయినాడు. మూడు ఆదివారములుగా ఆ పలకను ఎవరూ తుడవలేదు, ఎవరూ దాని మీద నోరు విప్పలేదు. ఛాతీ నొప్పి మాట ఆ రోజు విన్న మా మిత్రుడు, తానే మొదట లేచి మాట్లాడతానని నిన్న రాత్రి మాతో అన్నాడు. ఆ పిల్లవానికి కబురు పంపినాము. వస్తానన్నాడు, తల్లి కూడ పరదాలో వచ్చి కూర్చుంటుందట. వచ్చే ఆదివారము, ఫజరు తరువాత, హోటలులో కాదు, సంఘ భవనములో. చాయ్ ఖర్చు సంఘము వారిదే. మీరందరూ దయచేయవలెనని మనవి.

వస్సలాం.